పురిటింట్లోకి కెమెరా

ఫేస్‌బుక్‌లో నేను పెట్టినవాటన్నిట్లోకీ ఎక్కువ లైకులొచ్చిన ఫొటో ఒకటుంది. ఉంది కాదు, ఉండేది. మొన్న ఆదివారం తీసేశాను. గోరింటాకు కంచెలో దోసెడంత గూడు, అందులో మూడు గుడ్లు, లేత గులాబీ రంగు మీద కుంకుమ చిలకరించినట్టు చుక్కలు. "ఎంత ముద్దుగా ఉన్నాయో", "మీ చేతిలో ఏదో ఉందండీ" అని ఒకటే పొగడ్తలు. మా ఆడపడుచు అమెరికా నుంచి ఫోన్ చేసి మరీ మెచ్చుకుంది. ఎందుకు తీసేశావని ఇద్దరు ముగ్గురు అడిగితే "ఊరికే" అన్నాను. ఆ ఊరికే వెనకాల ఏముందో ఇక్కడ చెబుతాను.

ముందు కెమెరా సంగతి. రెండేళ్ళ కిందట షుగరు గీత మీద ఉందని, రోజూ ముప్పావుగంట నడిస్తే మందులు తప్పుతాయని డాక్టరుగారు చెప్పారు. గన్నవరంలో హైవే మీద నడవలేం. ఏలూరు కాలవ గట్టు మీద చీకటితో ఒక్కదాన్నే వెళ్తానంటే మావారు ఒప్పుకోరు. మిగిలింది మా కాలనీ పార్కు. పార్కనగానే విజయవాడ రాజీవ్‌గాంధీ పార్కులాంటిది ఊహించుకోకండి. రెండు సిమెంటు బెంచీలు, తుప్పు పట్టిన ఉయ్యాల, నాలుగు వేపచెట్లు, ఒక రావి, గోడ వెంబడి గోరింటాకు కంచె. అప్పుడప్పుడు నెత్తిమీదుగా విమానం.

మొదటి వారం నడక విసుగే. అదే చుట్టు, అదే బెంచీ, అదే రిటైరైన మాస్టార్ల రాజకీయాలు. తరవాత పిట్టలు కనబడటం మొదలైంది. అంతకుముందు లేవని కాదు, నేను చూళ్ళేదు. బి.ఏ.లో తెలుగు చదివాను కదా, పక్షుల మీద బోలెడు మార్కులు తెచ్చుకున్నాను. చకోరం వెన్నెల తాగుతుందనీ, చాతకం వానచినుకు తప్ప ముట్టదనీ, హంస పాలూ నీళ్ళూ వేరు చేస్తుందనీ పేజీలు పేజీలు రాశాను. పెరట్లో నేను అంట్లు తోముతుంటే పక్కనే కుళాయి మీద వాలే పిట్ట పేరు మాత్రం తెలియదు. దాని పేరు పికిలిపిట్ట అని మా అత్తయ్యగారు చెప్పారు. ఆవిడ అయిదో క్లాసు. దివిసీమలో పుట్టి పెరిగిన మనిషి. తోక చీలికగా, నల్లగా, గేదెల మీద సవారీ చేసేది పసులపోలిగాడు. ఇటుకరంగు రెక్కలేసుకుని పొదల్లో నడిచేది జెముడుకాకి. కాలవ మీద కరెంటు తీగ మీద కూర్చుని నీళ్ళకేసి చూసేది లకుముకిపిట్ట. ఫోన్‌లో మెర్లిన్ అని ఒక యాప్ ఉంది, కూత విని పిట్ట పేరు చెబుతుంది. చెబుతుంది గానీ ఇంగ్లీషులో. నాకు తెలుగు పేర్లు చెప్పే యాప్ మా ఇంట్లోనే ఉంది, దానికి పొద్దున్నే కాఫీ ఇస్తే చాలు.

నా పిచ్చి చూసి మా అబ్బాయి కిందటి సంక్రాంతికి నికాన్ పి900 కెమెరా తెచ్చాడు. ఎవరో వాడి అమ్మేసింది కొన్నాడట. 83 రెట్లు దగ్గరికి లాగుతుంది. నలభై ఆరేళ్ళ ఆడమనిషి చీరమీద బూట్లేసుకుని, మెడలో అంత కెమెరా వేలాడేసుకుని పార్కులో తిరగడం మాటలు కాదండి. "ఫంక్షన్లకి తీస్తారా అమ్మా, రేటెంత?" అని ఒకాయన నిజంగానే అడిగాడు. మావారైతే "పిట్టలదొరని చూశాం గానీ పిట్టలదొరసానిని ఇప్పుడే చూస్తున్నా" అంటారు. అననీ. ఇరవై ఏళ్ళ తరవాత వంటా, పిల్లల చదువులూ, ఆయన బీపీ మాత్రలూ కాకుండా నాదంటూ ఒక పని దొరికింది. ఒక ఫొటోకి వంద లైకులొస్తే ఆ పూట కూర మాడినా బాధ లేదు. ఇది దాచుకోకుండా చెబుతున్నాను, ఎందుకంటే జరిగినదానికి మూలం ఇదే.

ఉగాదికి వారం ముందు. పికిలిపిట్టల జంట ఒకటి ఎండుగడ్డి పోచలు ముక్కున పెట్టుకుని గోరింటాకు కంచెలోకి దూరడం చూశాను. గూడు కడుతున్నాయి. వారం తిరిగేసరికి ఒకటి లోపలే ఉండిపోతోంది, అంటే పొదుగుతోందన్నమాట. కెమెరా ఎంత దగ్గరికి లాగినా ఆకుల్లోంచి చూడలేదు కదా. నల్లటి జుట్టుముడి ఒకటి, ఒక కన్ను, అంతే కనబడుతోంది. నాకు గుడ్లు కావాలి. 83 రెట్లు లాగే కెమెరా మెడలో ఉండగా రెండడుగుల దూరంలోకి వెళ్ళి, ఎడంచేత్తో కొమ్మ వంచి పట్టుకుని, కుడిచేత్తో ఫోన్‌తో తీశాను. పిట్ట ఎగిరి గోడ మీద కూర్చుని అరిచింది. ఎంత అరిచిందో! ఆ అరుపు వీడియోలో ఇప్పటికీ ఉంది. రెండు రెమ్మలు అడ్డొస్తున్నాయని తుంచాను కూడా. రాయబుద్ధి కావడం లేదు గానీ ఇది రాయకపోతే మిగతాదంతా రాయడం దండగ.

మూడు రోజులు అలా చేశాను. వెలుతురు సరిగ్గా పడలేదని ఒకరోజు, గాలికి కదిలిందని ఒకరోజు. నాలుగో రోజు వెళ్ళేసరికి గూడు ఒక పక్కకి ఒరిగి ఉంది. కింద గోరువంత పెంకుముక్క. పిట్టలు రెండూ తీగ మీద ఉన్నాయి, అరవడం లేదు.

ఇంటికొచ్చి ఫొటోలన్నీ మళ్ళీ చూసుకున్నాను. రెండో రోజు తీసినదాంట్లో వెనకాల గోడ మీద, మసగ్గా, కాకి ఉంది.

అత్తయ్యగారు వాకిట్లో కూర్చుని మినప్పప్పు ఏరుతున్నారు. జరిగింది చెప్పాను. తల ఎత్తకుండానే, "పురిటింటి తలుపు బార్లా తీసి ఊళ్ళోవాళ్ళని పిలిచినట్టయింది కదమ్మాయ్" అన్నారు. తిట్టలేదు. ఇంకో గుప్పెడు పప్పు చేటలో పోసుకున్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. నా మొదటి పురుడు మా పుట్టింట్లో, గుడివాడ పక్కన. పదకొండో రోజు పురుడు పోసేదాకా మా అమ్మ గుమ్మం దగ్గర కాపలా పడుకుంది. గుమ్మానికి వేపమండలు. పసివాణ్ణి చూడ్డానికి వచ్చినవాళ్ళని వసారాలోనే కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, "నిద్రపోతున్నాడు, బారసాలకి రండి" అని పంపేసేది. మా పెద్దనాన్నగారు ఫొటో తీస్తానంటే ఆయన్ని కూడా రానివ్వలేదు. అప్పట్లో నాకెంత కోపమొచ్చిందో. మైల పేరు చెప్పి బాలింతని గాలాడని గదిలో పడెయ్యడం, దాహమేస్తే నీళ్ళు ఇవ్వకపోవడం నాకు ఇప్పటికీ నచ్చవు, నా కోడలికి అలా చెయ్యను. కానీ గుమ్మం దగ్గర ఆ మనిషి పడుకోవడం ఉంది చూశారూ, అది మాత్రం అవసరమే. నిద్రలేని తల్లినీ, కళ్ళు తెరవని బిడ్డనీ లోకం చూపుకి కాస్త దూరంగా ఉంచడం. మనకి ఇది ఒకరు నేర్పక్కర్లేదు. ఆడపుట్టుక పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. అంత తెలిసిన నేనే కొమ్మ వంచి ఫోన్ పెట్టాను.

మా పక్కింటి వదినతో అంటే ఆవిడ కొట్టిపారేసింది. "నువ్వు తియ్యకపోతే కాకి ఊరుకుంటుందా? ప్రతిదానికీ నెత్తిన వేసుకోకు" అంది. ఆవిడ మాటలో నిజం లేకపోలేదు. పికిలిపిట్ట గూడు చేతికందే ఎత్తులో, పైకప్పు లేకుండా ఉంటుంది. కాకులూ, పాములూ, తొండలూ, పిల్లులూ అన్నీ దాని మీదే కన్నేసి ఉంటాయి. అలాంటి గూళ్ళలో చాలా వరకు పిల్లలు ఎగిరేదాకా నిలవవు. కానీ వదినా, దొంగలు పడే వీధి అని తెలిసి కూడా తలుపు గడియ నేనే తీసి పెట్టొచ్చా? కాకి తెలివైంది. ఒక మనిషి రోజూ ఒకే పొద దగ్గర వంగుతుంటే, పైన ఒక పిట్ట గోలపెడుతుంటే, అక్కడేదో ఉందని దానికి ఒకరు చెప్పాలా? పైగా నేను తుంచిన ఆ రెండు రెమ్మలు దాని కోసం తుంచినట్టే ఉన్నాయి. గుడ్లు పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాల లోపే. మొత్తం కలిపి నెల కూడా పట్టదు. ఆ నెల నేను ఆగలేకపోయాను.

ఆ తరవాత చదవడం మొదలుపెట్టాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే ఏమిటో నిర్వచించారు. చంపడం, పట్టడం, వల వెయ్యడం సరే. అడవి పక్షుల గుడ్లు పాడుచెయ్యడం, గుడ్లనీ గూటినీ కదిలించి కలవరపెట్టడం కూడా ఆ నిర్వచనంలోనే ఉంది. వేట! తుపాకీ పట్టుకున్నవాళ్ళ గురించి అనుకుంటాం. నేను చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఫోన్ పట్టుకుని, ఉదయం ఆరున్నరకి చేసిన పనిని చట్టం ఆ మాటతో పిలుస్తుందని తెలిసి కాసేపు మాట రాలేదు. పక్షుల ఫొటోలు తీసే బృందాలు చాలావాటిలో గూటి ఫొటోలు అసలు ఒప్పుకోరట, పెడితే తీసేస్తారట. నా ఫొటో కింద వందమంది మెచ్చుకున్నారే గానీ, "ఇది ఎలా తీశావు?" అని ఒక్కరూ అడగలేదు. వాళ్ళదేం తప్పు? నేనూ ఇన్నాళ్ళూ ఎవరినీ అడగలేదు.

వేసవిలో ఇంకోటి చూశాను. హైవే పక్కన, ఒకప్పుడు వరి పండిన పొలం, ఇప్పుడు రాళ్ళు పాతిన లేఅవుట్. రాజధాని మాట వచ్చినప్పటి నుంచీ మా చుట్టుపక్కల ఇలాంటివి ఎన్నో. ఇళ్ళు లేవు, గడ్డి, కంకర. అందులో తీతువుపిట్టలు. అవి కూస్తే చెడు జరుగుతుందని మనవాళ్ళు అంటారు, పాపం వాటి గొడవ వాటిది. తీతువు గూడు కట్టదు. నేలమీద చిన్న గుంట చేసి, కంకరరాళ్ళ మధ్య రాళ్ళలాగే ఉండే నాలుగు గుడ్లు పెడుతుంది. పక్కనే నిలబడ్డా కనబడవు, తొక్కితే గానీ తెలియదు. మే నెల మా ఎండ మీకు తెలుసుగా, 44, 45 డిగ్రీలు. పొదగడం అంటే వెచ్చగా ఉంచడం అనుకుంటాం. ఆ ఎండలో తీతువు చేసే పని గుడ్లు ఉడికిపోకుండా నీడ పట్టడం. అంతే కాదు, నీళ్ళ దగ్గరికి వెళ్ళి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్ల మీద కూర్చుంటుంది. మన ఇళ్ళల్లో కుండకి తడిగుడ్డ చుట్టినట్టు. ఇది మొదట పుస్తకంలో చదివాను, తరవాత కళ్ళారా చూశాను. కాలవ దగ్గర పొట్ట ముంచి, లేచి, దులుపుకోకుండా ఎగిరి వచ్చింది.

ఒక ఆదివారం పొద్దెక్కాక అక్కడికి నలుగురు కుర్రాళ్ళు బైకుల మీద వచ్చారు. మా అబ్బాయి ఈడువాళ్ళు. నా కెమెరా వాళ్ళవాటి ముందు బొమ్మలా ఉంది. ఒకతను ఫోన్‌లో తీతువు కూతే పెట్టి, చిన్న స్పీకర్‌లోంచి వినిపిస్తున్నాడు, పిట్ట దగ్గరికి వస్తుందని. తన చోట్లోకి ఇంకో తీతువు వచ్చిందనుకుని ఇది గుడ్లొదిలేసి అటూ ఇటూ పరుగెడుతోంది. తీతువు నిలబడి అరుస్తుంటే ఫొటో బాగానే వస్తుంది, అబద్ధమెందుకు? నేను గొడుగు వేసుకుని గట్టు మీద ఉన్నాను. ఏం చెప్పాలో తెలియలేదు. ఆడవాళ్ళం కదా, పరాయి కుర్రాళ్ళకి నీతులు చెబితే ఏమంటారోనని ఒక సందేహం. చివరికి వెళ్ళి, "బాబూ, అది లేచి ఎంతసేపయింది?" అని అడిగాను. "పావుగంట ఆంటీ, ఇంకో అయిదు నిమిషాలు" అన్నాడు. "చెయ్యి ఇలా ఆ రాళ్ళ మీద పెట్టి చూడు" అన్నాను. నవ్వుతూ వంగి పెట్టాడు, వెంటనే తీసేశాడు. "దాని గుడ్లు అక్కడే ఉన్నాయి నాయనా, అది లేచినంతసేపూ అవి ఆ వేడిలోనే ఉంటాయి" అన్నాను. స్పీకర్ ఆపేశారు. ఇద్దరు "సారీ ఆంటీ" అన్నారు, ఒకతను మొహం ముడుచుకున్నాడు. బైకులు కదిలాక తీతువు నడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

చూడాలన్న కోరిక మంచిదే అనుకుంటాం, దాంట్లో ఏం తప్పుందని. దసరాకి పాలపిట్టని చూస్తే శుభమని, పట్టి తెచ్చి, రెక్కలు కట్టేసి డబ్బులకి చూపించేవాళ్ళున్నారు. డబ్బులిచ్చి చూసేవాళ్ళుంటేనే కదా ఉన్నారు! మన కడప కలివికోడి కథ ఇంకా బాధ. 1848లో జెర్డాన్ అనే దొర లోకానికి చెప్పిన పక్షి. 1900 తరవాత కనబడలేదు, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో మళ్ళీ దొరికింది. అన్నేళ్ళ తరవాత దొరికిన ఆ ఒక్క పక్షి, పట్టుకున్నాక బతకలేదు. వాళ్ళది శాస్త్రం, వాళ్ళ అవసరం వేరు, దానివల్లే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. నా అవసరం ఏమిటి? వంద లైకులు.

అలాగని కెమెరా అటక ఎక్కించమంటే ఎక్కించను. ఆడవాళ్ళని అసలే "ఈ వయసులో నీకెందుకమ్మా" అనడానికి అందరూ సిద్ధంగా ఉంటారు, వాళ్ళకి నేను సాయం చెయ్యను. గూటి దగ్గర వద్దంటున్నాను, అంతే. తియ్యడానికి పిట్ట జీవితంలో ఇంకా ఎంతో ఉంది. స్నానం చేస్తుంది, దెబ్బలాడుతుంది, వేపపండు మింగలేక అవస్థపడుతుంది, వానలో తడిసి మన అత్తగారింట్లో మొదటిరోజు కొత్తకోడల్లా ముడుచుకుని కూర్చుంటుంది. గూళ్ళే చూడాలని ఉంటే నీళ్ళు మనకీ వాటికీ మధ్య గోడలా ఉన్నచోటికి వెళ్ళండి. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఊరి చెరువు మధ్యలో చెట్ల నిండా గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ, నత్తలు తినే కొంగలూ కాపురాలు పెడతాయి. మనం గట్టు మీద నిలబడి చూడాలి, లోపలికి దారి లేదు. ఆ దూరమే వాటికి రక్ష. గుడివాడ మీదుగా కైకలూరు వెళ్తే ఆటపాక. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేరు ఒడ్డు. అక్కడ పడవ ఉంటుంది. మేం కిందటి జనవరిలో వెళ్ళినప్పుడు పడవలో ఒకాయన "ఇంకొంచెం దగ్గరికి పోనియ్" అంటూనే ఉన్నాడు, పడవ నడిపే అబ్బాయి వినలేదు. దిగేటప్పుడు ఆ అబ్బాయికి నేను వంద రూపాయలిచ్చాను. ఎందుకో మావారికి అర్థం కాలేదు.

అస్సాంలో పూర్ణిమాదేవి బర్మన్ అని ఒకావిడ ఉన్నారు. హర్గిలా అనే పెద్ద కొంగ కోసం ఊళ్ళో ఆడవాళ్ళని కూడగట్టారు. చచ్చినవి తినే కొంగ, చూడ్డానికి అందంగా ఉండదు, చెట్టు కింద అంతా కంపు, అందుకని ఊళ్ళోవాళ్ళు చెట్లు కొట్టేసేవాళ్ళు. ఈవిడ ఏం చేశారంటే, ఆ కొంగలకి సీమంతం చేశారు! ఆడవాళ్ళంతా పాటలు పాడి, గూళ్ళున్న చెట్ల కింద వేడుక చేశారు. చీరల మీద ఆ కొంగ బొమ్మ నేశారు. ఆవిడకి 2017లో విట్లీ అవార్డు, 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ పురస్కారం వచ్చాయి. అత్తయ్యగారికి చదివి వినిపిస్తే, "సీమంతం చేసినవాళ్ళు పురిట్లో తొంగిచూడరులే" అన్నారు.

పికిలిపిట్టలు మళ్ళీ కట్టాయి. ఈసారి కంచెలో కాదు. ఎక్కడో నాకు తెలుసు, పురుగు ముక్కున పెట్టుకుని అవి ఎటు వెళ్తున్నాయో రోజూ బెంచీ మీంచి చూస్తున్నాను. మావారికి కూడా చెప్పలేదు. తీగ మీద ఆగినప్పుడు ఒకటి రెండు ఫొటోలు తీసుకుంటాను, అవి ఆ చెట్టువైపు ఎగరగానే కెమెరా దించేస్తాను. నిన్న కాఫీ తాగుతూ అత్తయ్యగారు అడిగారు, "ఎన్ని పిల్లలమ్మాయ్?" అని.

తెలియదన్నాను.